మీటరు తిప్పిస్తున్నది మన సవాలే

"భాయ్, ఢిల్లీ బండి. సన్‌రూఫ్ ఉంది, లెదర్ సీట్లు, ఫుల్ ఆప్షన్. నలభై ఐదు వేలే తిరిగింది. తీసుకోమంటారా?"

కోయిలకుంట్లలోనైనా, ఆళ్ళగడ్డలోనైనా, నంద్యాలలోనైనా మనవాళ్ళు నన్ను అడిగే మాట ఇది. నేను పత్రికల మనిషిని, మెకానిక్కును కాను. అయినా అడుగుతారు. పేపర్లు చదివేవాడు ఒకడు దొరికితే కారు పేపర్లు కూడా వాడితోనే చదివించడం మన ఖాందాన్ల ఆనవాయితీ. కువైట్ నుంచి సెలవుకొచ్చిన అబ్బాయి అడుగుతాడు. కూతురి రిష్తా ఖాయమైన అబ్బా అడుగుతాడు. అందరి సవాల్ ఒకటే: ఆప్షన్లు ఎన్ని, రీడింగ్ ఎంత?

మైలేజీ అంటే మన దగ్గర లీటరుకు ఎంతిస్తుందనే అర్థం. ఇక్కడ నా మాట తిరిగిన కిలోమీటర్ల గురించి. షెడ్డు భాషలో రీడింగ్.

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాలు అంటే 'రా, చూసుకుందాం' అనడం. మనం ప్రశ్న వేస్తున్నాం అనుకుంటాం. దలాల్ చెవికి మాత్రం అది తెలుగులోనే వినపడుతుంది: 'రా, ఎంత అబద్ధం చెబుతావో చెప్పు!' వాడు చెబుతాడు. మనం పైసలు కడతాం. ఆర్నెల్లకు బండి వేపచెట్టు కింద పడుకుంటుంది. అప్పుడు "జమానా ఖరాబైంది భాయ్" అంటాం. జమానాను తర్వాత తిడదాం. ముందు మన సవాల్‌ను చూద్దాం.

లెక్క సాదాగానే ఉంది. పన్నెండేళ్ళ డీజిల్ బండి నలభై ఐదు వేలే తిరిగిందంటే ఏడాదికి 3,750 కిలోమీటర్లు. రోజుకు పది. డీజిల్ బండిని ఎక్కువ డబ్బు పోసి ఎవరు కొంటారు? బాగా తిరిగేవాళ్ళు. రోజుకు పది కిలోమీటర్లు తిరగడానికి పెద్ద డీజిల్ బండి కొన్న ఆ ఢిల్లీ మహానుభావుడు ఎవరో గానీ, దలాల్ చెప్పే ప్రతి కిస్సాలో ఉంటాడు. ఎప్పుడూ డాక్టరే. లేకపోతే వాళ్ళ బేగం సాహెబా బండిని మార్కెట్‌కు మాత్రమే తీసేది.

ఢిల్లీ బండ్లు ఇంత చవగ్గా ఎందుకొస్తున్నాయో కూడా తెలుసుకోండి. రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ అంది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. అక్కడ రోడ్డెక్కలేని బండి దక్షిణాదికి దిగింది. కొత్తగా కొంటే అరకోటి దాటే జర్మన్ కారు ఇక్కడ కొత్త చిన్నకారు ధరకు దొరుకుతోంది. హైదరాబాదు కుర్రాళ్ళ లంబోర్గినీల వీడియోలు చూసి పెరిగిన మన పిల్లలకు కోయిలకుంట్లలో అదే సూపర్‌కారు. ధర తగ్గింది, నిజమే. దాని గేరుబాక్స్ ధర తగ్గలేదు. దాని కంప్యూటరు బాగుచేసేవాడు నంద్యాలలో పుట్టలేదు. ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, మన రాష్ట్రపు లైఫ్ ట్యాక్స్ కట్టాలి. సన్‌రూఫ్ చూసిన కంటికి ఇవేవీ కనపడవు.

మా బంధువుల్లో ఒకాయన గల్ఫ్ కమాయితో అలాంటి కారే తెచ్చుకున్నాడు. మూడో నెలలో గేరుబాక్స్ పోయింది. రిపేరుకు చెప్పిన మొత్తం కారు కొన్న ధరలో సగం దాకా ఉంది. ఆ సొమ్ములో ఆయన భార్య గాజులు కూడా ఉన్నాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కొట్టింది కుంపణీ ఖజానాను, అదీ మా కోయిలకుంట్లలోనే. ఇప్పుడు మన ఇంటి ఖజానాలను మనమే కొట్టుకుంటున్నాం.

అసలు తక్కువ తిరిగిన బండే మంచి బండి అని మనకు చెప్పిందెవరు? నిజమైన సూపర్‌కార్ల బజారులో కూడా ఇదే వహం ఉంది. రీడింగ్ పెరిగితే ధర పడిపోతుందని కోట్ల కార్లను గ్యారేజీలో దాస్తారు. నిలబడిన కారులో సీళ్ళు ఎండుతాయి, టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ చస్తుంది. 1990ల నాటి ఫెరారీ ఎఫ్355నే చూడండి. బండి తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్ళకోసారి టైమింగ్ బెల్టు మార్చాల్సిందే. దానికోసం ఇంజిన్ మొత్తాన్ని బయటికి దించాలి. మీటరు కిలోమీటర్లు లెక్కపెడుతుంది, రబ్బరు ఏళ్ళు లెక్కపెడుతుంది. మీటరు మాట మాత్రమే విన్న షేక్ సాబ్ కూడా మునుగుతాడు.

మన బండ్లకూ ఇదే సూత్రం. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని. "ఇరవై వేలే తిరిగింది, టైర్లు కంపెనీవే" అన్న బండికి టైరు తేదీ కారు తయారైన తేదీకి రెండేళ్ళు ముందుకు పోయిందంటే ఆ నోరు అబద్ధం చెప్పినట్టే. 2020 తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. హైవే మీద వేడెక్కి నడిస్తేనే అది శుభ్రమవుతుంది. ఊళ్ళో రోజూ నాలుగు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే మూసుకుపోతుంది. అంటే కర్నూలు–కడప హైవే మీద లక్షా ఇరవై వేలు తిరిగి, ప్రతి సర్వీసుకూ బిల్లున్న బండి, ఏ కాగితమూ లేని నలభై వేల బండి కంటే ఎన్నో రెట్లు నయం.

ఇక ఆప్షన్లు. అన్నీ దిఖావా అనను. బండి 2019కి ముందుదైతే ఆప్షన్ల లిస్టు చూసి తీరాలి, అయితే వేరే కారణానికి. అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది ఆ జూలై నుంచి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ రావడానికి 2021 దాకా పట్టింది. అంతకుముందు చాలా బేసిక్ మోడళ్ళలో ఇవి ఉండేవి కావు, టాప్ మోడల్‌లో ఉండేవి. పిల్లల్ని ఎక్కించుకునే బండికి ఆ రెండు బ్యాగుల కోసం యాభై వేలు ఎక్కువ పెట్టినా అది ఇస్రాఫ్ కాదు. కానీ మనవాళ్ళు అడిగేది ఎయిర్‌బ్యాగ్ కాదే! సన్‌రూఫ్. మే నెల కోయిలకుంట్లలో నెత్తిమీద కిటికీ తెరుచుకుని ఏ చల్లగాలి పీల్చుకుంటారో అల్లాహ్‌కే తెలియాలి. పైగా బేసిక్ బండికి టాప్ మోడల్ స్టిక్కరు అంటించి, అలాయ్ వీల్స్ వేసి, పెద్ద స్క్రీను బిగించి అమ్మే ఫన్‌కార్లు మనకు తక్కువేం లేరు. ఆర్‌సీలో మోడల్ పేరు రాసుంటుంది. డిక్కీ మీది స్టిక్కరు చదివే ముందు అది చదవండి.

తక్కువ రీడింగు, ఫుల్ ఆప్షన్లు, తక్కువ ధర, ఈ మూడూ ఒకే బండిలో నిజంగానే కలిసి దొరికే చోటు ఒకటుంది. వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ళ ముందు కార్లు కప్పుల దాకా నీళ్ళలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2015లో చెన్నై కూడా చూశాం. కొన్నాళ్ళే తిరిగిన కారు, అన్ని ఆప్షన్లూ ఉన్న కారు, అలాగే మునిగింది. ఇన్సూరెన్సు కంపెనీ పూర్తి నష్టం కట్టేసి, మునిగిన బండిని వేలానికి పెడుతుంది. దాన్ని కొన్నవాడు కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి మన ముందు పెడితే మన రెండు సవాళ్ళకూ వంద మార్కులొస్తాయి! రీడింగ్ నిజమే, ఆప్షన్లూ నిజమే. బండి మాత్రం నీళ్ళు తాగిన శవం. ఆప్షన్లు ఎన్ని ఎక్కువుంటే అంత వైరింగు, తుప్పు పట్టడానికి అన్ని చోట్లు. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత కనపడుతుంది. కార్పెట్ లేపి చూడండి. సీటు కింది పట్టాలు చూడండి.

ఇక్కడ నాకు మదీనా బజారు కిస్సా యాదికొస్తుంది. చిన్నప్పుడు ప్రతి మదర్సాలో విన్నదే. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ధాన్యం కుప్పలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. తడవడాన్ని తప్పు పట్టలేదు ఆయన. ఆ తడిని జనం కంటికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. ధోకా చేసేవాడు తమవాడు కాడన్నారు. వరదలో మునిగిన కారు అమ్మడం గునాహ్ అని నేననడం లేదు. మునిగిందని చెప్పి, ఆ ధరకే అమ్మితే అది తిజారత్. తడిని అడుగున పెట్టి అత్తరు పైన కొడితే దాని పేరు వేరు.

మీటరు తిప్పడం ఇంకో మెట్టు కింద. మీటరు కూడా ఒక తరాజూయే కదా. బండి ఎంత అరిగిందో తూచే తరాజూ. తూకంలో కోత పెట్టేవాళ్ళ మీద ఖుర్ఆన్‌లో ఒక సూరానే ఉంది, సూరా ముతఫ్ఫిఫీన్. హజ్రత్ షుఐబ్ అలైహిస్సలాం ఖౌమ్ కిస్సా మనకు తెలుసు. కొట్లో కిలోకు యాభై గ్రాములు తగ్గితే మనం గొడవ చేస్తాం. లక్ష కిలోమీటర్లు తగ్గించినవాడి పక్కనే జుమా సఫ్‌లో నిలబడి, బయటికొచ్చాక "మంచి హుషారైన పిల్లోడు" అంటాం. లాప్‌టాప్ పెట్టుకుని, బండి సాకెట్‌కు వైరు తగిలించి, పది నిమిషాల్లో లక్షా అరవై వేలను అరవై వేలు చేసే పని నేర్చుకున్నవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. షెడ్లు మనవి, టింకరింగ్ మనది, పెయింటింగ్ మనది. చేతి హునర్ మనది. ఆ హునర్‌కు మచ్చ కూడా మన చేతులతోనే పెడుతున్నాం.

ఆ పని చేసేవాళ్ళను నేను అడిగాను. జవాబు ఇది: "భాయ్, రీడింగ్ లక్షా నలభై వేలని నిజం చెబితే పార్టీ చాయ్ కూడా తాగకుండా లేచిపోతుంది. అదే బండికి యాభై వేలు చూపిస్తే అడ్వాన్స్ పెట్టి పోతుంది. నేనేం చెయ్యాల?"

ఈ జవాబులో సగం నిజముంది. ఆ సగం మన మీద పడాల్సిందే. పదేళ్ళ డీజిల్ బండి లక్ష దాటి తిరగడం సహజం. మనకు ఆ నిజం అక్కర్లేదు. టాప్ మోడల్ కావాలి, తక్కువ రీడింగు కావాలి, ధర మన చేతికందాలి. ఈ మూడూ నిజాయితీగా ఒకచోట దొరకవు కాబట్టి మూడింట్లో ఒకటి అబద్ధం కావాలి. ధరను అబద్ధం చేయలేరు, నోట్లు లెక్కపెడతాం. మిగిలింది మీటరే.

మిగతా సగం మాత్రం బహానా. కొనేవాడు ఆశపోతు అయినంత మాత్రాన అమ్మేవాడి అబద్ధం హలాల్ కాదు. అప్పుకు సరుకు అడిగాడని కోమటి తూకంలో కోత పెడితే ఒప్పుకుంటామా? "ఇంకో పార్టీ సాయంత్రం వస్తానన్నాడు, లక్ష ఎక్కువిస్తాడంట" అని లేని బేరాన్ని సృష్టించడం కూడా అంతే. హదీసులో మనా చేసిన నజ్ష్‌కు అది సొంత తమ్ముడు.

జహేజ్ మాట ఎత్తకుండా ఈ మజ్మూన్ పూర్తి కాదు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు "మాకేం వద్దు, మీ బిడ్డ సుఖానికి ఏదో ఒక బండి" అంటారు. తర్వాత ఖాలా ఒకామె చల్లగా చెబుతుంది, "టాప్ మోడల్ అయితే షాన్‌గా ఉంటుంది." కొత్తది కొనే తాకత్ ఆ అబ్బాకు లేదు. పాతదని నలుగురికీ తెలియకూడదు. అందుకే కొత్తదిలా మెరిసే పాతది, మీటరు తక్కువ చూపించేది వెతుకుతాడు. దలాల్‌కు ఇంతకంటే మంచి గిరాకీ దొరకదు: తొందర ఉంది, ఇజ్జత్ భయం ఉంది, నగదు ఉంది. పెళ్ళయిన నాలుగో నెలలో బండి ఆగితే మాటలు పడేది ఎవరు? ఆ అమ్మాయి. "మీ అబ్బా ఇచ్చిన డబ్బా" అని. మీటరు తిప్పినవాడికి ఆ ఇంట్లో పడే కన్నీళ్ళ రీడింగ్ తెలియదు. బండి అడిగిన పెళ్ళికొడుక్కి తెలిసినా సిగ్గు లేదు.

నగదు అన్నాను కదా. బ్యాంకు సూద్ హరామ్ అని ఏళ్ళ తరబడి కూడబెట్టి చేతి సొమ్ముతో కొనేవాళ్ళు మనలో చాలామంది. ఆ ఎహతియాత్‌కు నా సలాం. సూద్ దగ్గర ఇంత ఎహతియాత్ చూపినవాళ్ళం ఐబ్ దగ్గర ఎందుకు కళ్ళు మూసుకుంటున్నాం? రూపాయి హలాల్‌గా వచ్చింది సరే, పోయేటప్పుడు ఎట్ల పోతోందో చూడొద్దా?

ఇప్పుడు ఆప్షన్ గురించి అసలు మాట. ఫిఖ్హ్‌లో ఆప్షన్‌కు ఒక పదముంది: ఖియార్. అంటే ఇఖ్తియార్, ఎంచుకునే హక్కు. చూడకుండా కొన్న వస్తువును చూశాక వద్దనే హక్కు ఖియారె రూయత్. కొన్న తర్వాత పాత ఐబ్ బయటపడితే తిరిగి ఇచ్చేసే హక్కు ఖియారె ఐబ్. ఇన్ని రోజుల్లో నచ్చకపోతే సౌదా రద్దు అని ముందే మాట్లాడుకునే హక్కు ఖియారె షర్త్. ఇమామ్ అబూ హనీఫా రహ్మతుల్లాహి అలైహి దీనికి మూడు రోజుల హద్దు పెట్టారు. ఆయన ఇద్దరు షాగిర్దులు, ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్, ఇద్దరూ ఒప్పుకుంటే ఎక్కువ రోజులైనా సరేనన్నారు. పన్నెండు వందల ఏళ్ళ కిందటే మన బుజుర్గులు ఇన్ని ఆప్షన్లు ఇచ్చిపోతే, మనం సన్‌రూఫ్ ఒక్కటే అడుగుతున్నాం! ఒక జాగ్రత్త. 'ఏ ఐబ్ ఉన్నా నాకు జిమ్మేదారీ లేదు, ఉన్నది ఉన్నట్టు' అని అమ్మేవాడు ముందే షర్తు పెడితే హనఫీ మస్అలా మారిపోతుంది. ఆ మాటున్న కాగితం మీద దస్తఖత్ చేసే ముందు ముఫ్తీ సాబ్‌ను అడగండి.

దేశ ఖానూన్ కూడా చేతులు ముడుచుకుని లేదు. తెలిసిన లోపాన్ని కావాలని దాచి ఒప్పందం చేసుకుంటే అది మోసమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ధోకాకు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉంది. పాత బండ్లు అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని, తన దగ్గరున్న బండి ఎక్కడెక్కడ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రిజిస్టరు పెట్టాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నియమం ఉంది. ఆ పత్రం చూపించమని మనలో ఎంతమంది అడిగారు? అమెరికా 1972లోనే మీటరు తిప్పడాన్ని చట్టం చేసి నిషేధించింది. బెల్జియంలో 2006 నుంచి పాత కారు అమ్మాలంటే దాని రీడింగుల చరిత్రంతా ఉన్న కార్‌పాస్ అనే కాగితం ఇవ్వాల్సిందే. అలాంటి కాగితం మన దగ్గరా రావాలని అడగడం మన హక్కు. వచ్చేదాకా చేసుకోవాల్సిన పనులు మన చేతిలో ఉన్నాయి.

మొదటిది, సవాల్ మార్చండి. "ఎంత తిరిగింది" అనకండి, "సర్వీసు బిల్లులు చూపించు" అనండి. ఓనర్‌ను వెంటబెట్టుకుని కంపెనీ వర్క్‌షాపుకు పోతే ఛాసిస్ నంబరుతో ఏ తేదీన ఎంత రీడింగుతో సర్వీసు జరిగిందో చూపిస్తారు. ఖరీదు కార్లలో ఆ లెక్క మీటరులోనే కాదు, లోపలి ఇతర కంప్యూటర్లలోనూ ఉంటుంది. స్కానరు పెట్టి రెండూ పోల్చే మెకానిక్కును తీసుకుపోండి. ఆ మెకానిక్కు మీవాడై ఉండాలి, అమ్మేవాడు పిలిపించినవాడు కాదు. వాడికిచ్చే రెండు మూడు వేలు మీరు ఆ బండి మీద పెట్టే సొమ్ములో అన్నిటికంటే మంచి ఖర్చు.

రెండోది, స్టీరింగ్, పెడళ్ళు, డ్రైవరు సీటు చూడండి. మీటరు యాభై వేలంటూ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే రబ్బరు మాటే నమ్మండి. దానికి దలాలీ రాదు కాబట్టి అబద్ధం చెప్పదు.

మూడోది, సౌదా అయిన వెంటనే ఆర్‌సీ మార్పించుకోండి. మీరు అమ్మేవాళ్ళయినా సరే. రికార్డులో పేరున్నవాడే ప్రమాదానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. అమ్మకం కాగితంలో ఒక వాక్యం రాయించండి: 'ఈ మీటరు రీడింగ్ మార్చలేదు, బండి వరదలో మునగలేదు, పెద్ద ప్రమాదం జరగలేదు. ఇందులో ఏది అబద్ధమని తేలినా నెలలోపు బండి వెనక్కి తీసుకుని మొత్తం సొమ్ము తిరిగి ఇస్తాను.' కింద ఇద్దరి దస్తఖత్, ఇద్దరి గవాహీ. నిజాయితీగా అమ్మేవాడికి ఈ వాక్యం బరువు కాదు. కలం పట్టుకుని నసిగేవాడు మీరు అడగని సవాళ్ళన్నిటికీ జవాబిచ్చేశాడు. షుక్రియా చెప్పి లేచి రండి.

అమ్మే తమ్ముళ్ళకు ఒక మాట. లక్షా నలభై వేలు తిరిగిన బండికి లక్షా నలభై వేలని బోర్డు రాసి, పక్కన బిల్లుల కట్ట పెట్టండి. మొదటి నెల గిరాకీ తగ్గుతుంది. ఆ తర్వాత నంద్యాల దాకా మీ షెడ్డు పేరు దానంతటదే నడుచుకుంటూ పోతుంది. కొనే అన్నలకూ ఒక మాట. అలాంటి బోర్డు కనపడితే మొహం తిప్పుకోకండి. నిజం చెప్పినవాడి ముందు మనం చాయ్ కూడా తాగకుండా లేచిపోతే, రేపు వాడి చేతికి ఆ లాప్‌టాప్ ఇచ్చింది మనమే.